అరుదైన ఆపరేషన్ సరే, రిపోర్టేదీ?

ఈ వారం కూడా జిల్లా పేజీలో ఆ ఫొటో వచ్చింది. ఆకుపచ్చ గౌన్లలో నలుగురు డాక్టర్లు, వాళ్ల ముందు స్టీలు ట్రేలో కణితి, పక్కన మంచం మీద ఎటు చూడాలో తెలియక కెమెరా వైపే చూస్తున్న పేషెంటు. హెడ్డింగు షరా మామూలే: ‘అరుదైన శస్త్రచికిత్స విజయవంతం’. వార్తలో కణితి బరువు ఉంటుంది, ఆసుపత్రి ఎండీ గారి పేరు ఉంటుంది, సిబ్బందిని ఆయన అభినందించిన సంగతీ ఉంటుంది. ఆ కణితి ఏ రకందో, బయాప్సీలో ఏం తేలిందో, ఆర్నెల్ల తర్వాత ఆ మనిషి ఎలా ఉందో మాత్రం ఉండదు. విలేకరులను ఏమీ అనను. ప్రెస్‌నోట్‌లో లేనిది వాళ్లెక్కణ్నుంచి తెస్తారు? నా కోపమల్లా ప్రెస్‌నోట్ రాసిన చేత్తోనే ఇంకో రెండు పేజీలు రాయని పెద్దల మీద.

ఆ రెండు పేజీలనే కేసు రిపోర్టు అంటారు. పేషెంటు ఏ బాధతో వచ్చాడు, మొదట ఏమనుకున్నాం, పరీక్షల్లో ఏం తేలింది, ఏం చేశాం, చివరికి ఏమైంది. అంతకంటే ఏమీ ఉండదు. వైద్య పరిశోధనలో దీనికి కింది పంక్తిలోనే విస్తరి వేస్తారు. వేల మంది మీద మందును పరీక్షించే ట్రయల్స్‌కు ఉన్న మర్యాద దీనికి లేదు. ఒక్కడికి నయమైతే మందు పనిచేసినట్టు కాదనే మాట నిజమే, నేనూ కాదనను. కానీ కొత్త జబ్బు ఊళ్లోకి దిగినప్పుడు ముందుగా తలుపు తట్టేది ట్రయల్‌ని కాదు, ఓపీలో కూర్చున్న డాక్టర్ని.

1981 జూన్ 5న అమెరికాలో వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ వారపత్రికలో లాస్ ఏంజెలెస్ డాక్టర్లు ఐదుగురు యువకుల సంగతి రాశారు. ఒంట్లో రోగనిరోధక శక్తి అడుగంటిన వాళ్లకు తప్ప రాని న్యుమోనియా ఆ ఐదుగురికీ వచ్చింది. అచ్చయ్యేనాటికే ఇద్దరు పోయారు. ఎయిడ్స్ గురించి లోకానికి అందిన తొలి కబురు అదే. ఐదుగురే కదా, యాభై మంది అయ్యాక రాద్దాంలే అని వాళ్లు ఊరుకోలేదు.

అంతకు ఇరవై ఏళ్ల ముందు, 1961 డిసెంబరులో, విలియం మెక్‌బ్రైడ్ అనే ఆస్ట్రేలియా ప్రసూతి వైద్యుడు లాన్సెట్ అనే వైద్యపత్రికకు చిన్న ఉత్తరం రాశాడు. గర్భిణులు థాలిడోమైడ్ మందు వాడితే బిడ్డలు కాళ్లూ చేతులూ వంకరపోయి పుడుతున్నట్టు నాకు కనిపిస్తోంది, మీలో ఇంకెవరైనా చూశారా అని అడిగాడు. అరపేజీ కూడా లేని ఉత్తరం. (ఆ పెద్దమనిషే తర్వాత వేరే మందు విషయంలో దొంగలెక్కలు రాసి, 1993లో డాక్టరుగిరీ పోగొట్టుకున్నాడు. అది వేరే కథ.)

పాతకాలం మాటలంటారేమో, నిన్నమొన్నటిదే చెబుతాను. 2025 మేలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒకే ఒక్క పసివాడి మీద వ్యాసం వేసింది. వాడికి సీపీఎస్‌1 లోపం. సుమారు 13 లక్షల కాన్పుల్లో ఒకరికి వచ్చే జబ్బు. తిన్న మాంసకృత్తుల నుంచి తయారయ్యే అమోనియాను కాలేయం వదిలించుకోలేదు, అది మెదడుకెక్కుతుంది. ఇలా పుట్టినవాళ్లలో సగం మంది పసితనంలోనే పోతారు. ఫిలడెల్ఫియాలో రెబెకా ఆరెన్స్-నిక్లాస్, కిరణ్ ముసునూరు బృందం వాడి జన్యువులో తప్పిన ఒక అక్షరాన్ని దిద్దే మందును ఆరు నెలల్లో తయారుచేసి, ఫిబ్రవరిలో మొదటి డోసు ఇచ్చింది. ఆ ఒక్కడి కోసమే చేసిన మందు. అయినా ఎంత డోసు ఇచ్చారో, అమోనియా ఎంతుందో, మధ్యలో ఏ ఇన్ఫెక్షన్లు వచ్చాయో, జబ్బు పూర్తిగా పోయిందని ఎందుకు చెప్పలేమో అంతా రాశారు. ముసునూరు అనే ఇంటిపేరు చూసి మనం పొంగిపోతాం. ఆ రాసే అలవాటును కూడా చూసి పొంగిపోతే బాగుండేది.

మనకు చేతకాదని కాదు. 1937లో షార్ట్ అనే డాక్టరు బృందం నెల్లూరు జిల్లాలో ఎముకలు బిగుసుకుపోయిన పల్లె జనాన్ని చూసి రాయబట్టే ఈ దేశంలో ఫ్లోరోసిస్ ఉందని తెలిసింది. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) నుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్‌లో రాశారు: ఫ్లోరైడ్ ఊళ్లలో ఎదిగే వయసు పిల్లలకు మోకాళ్లు లోపలికి వంగి రాసుకుపోతున్నాయని, అది అంతకుముందు పుస్తకాల్లో ఉన్న ఫ్లోరోసిస్ కాదని. పిల్లల నడక చూసి పట్టుకున్న సంగతి అది. మరి ఉద్దానం? కవిటి, సోంపేట, కంచిలి కొబ్బరితోటల్లో ఎన్నేళ్లుగా కిడ్నీలు పోతున్నాయి! పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో వచ్చాయి, సంతోషం. కారణం ఇప్పటికీ తేలలేదు. పాతికేళ్ల కిందట డయాలసిస్ కోసం విశాఖ వెళ్లినవాళ్లు ఏ ఊరివాళ్లు, ఏ నీళ్లు తాగారు, ఏ పని చేశారు అన్నది ఒక్కొక్కరికీ ఓ పేజీ చొప్పున రాసి ఉంటే ఇవాళ అదెంత ఆస్తి!

డాక్టర్లేమంటారో నాకు తెలుసు. ఓపీలో వందల మంది, పీజీలకు నిద్రే ఉండదు, జర్నళ్లు ఎదురు ఫీజు అడుగుతాయి. అన్నీ నిజాలే. దానికి తోడు 2015లో మెడికల్ కౌన్సిల్ ప్రమోషన్లకు పెట్టిన లెక్కలో కేసు రిపోర్టును పక్కన పెట్టేసింది. పనికిమాలిన రిపోర్టులు గుట్టలు పడుతున్నాయని కాబోలు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టినట్టయింది. ప్రొఫెసర్ అయ్యేందుకు పనికిరాని కాగితం ఎవరు రాస్తారు? ఎండీ గారికి పనికొచ్చే ఫొటోకైతే అందరికీ తీరిక దొరుకుతుంది.

అసలు రాద్దామన్నా ఆధారం ఉండాలి కదా. కేసు షీటు ఏదీ? 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులను మూడేళ్లు దాచాలి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. ఈ మాట ఏ ఆసుపత్రి గోడ మీదైనా కనిపించిందా? క్యాష్ కౌంటర్ ఎటో చూపే బాణాలు మాత్రం ప్రతి గోడకీ ఉంటాయి. మనవాళ్ల మెడికల్ రికార్డు అంటే బట్టల షాపు కవరు. అందులో మడతలు పడ్డ ఎక్స్‌రే, మెడికల్ షాపాయనకు తప్ప ఎవరికీ అర్థంకాని చీటీలు, డిశ్చార్జి సమ్మరీ మొదటి పేజీ (రెండోది ఇన్సూరెన్సు వాళ్ల దగ్గర ఉండిపోయింది), ఒక ఈసీజీ. ఈసీజీ కాగితం ఎండకీ వేడికీ వెలిసిపోతుంది. మా పెద్దమ్మ గుండె సంగతి చెప్పే గీత రెండు వేసవులు గడిచేసరికి కనిపించకుండా పోయింది, మిగిలింది గులాబీ రంగు గళ్లు. కొత్త డాక్టరుగారు దాన్ని కిటికీ వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, పాతదేమైనా ఉందా అమ్మా అన్నారు.

అదే పాతదండీ అని చెప్పి, నకలు కోసం అప్పట్లో చేర్చిన ఆసుపత్రికి వెళ్లాను. రికార్డు రూము తాళం ఉన్నాయన సెలవులో ఉన్నాడు, సోమవారం రమ్మన్నారు. ఏ సోమవారమో చెప్పలేదు.