కలోంజీ ఉంది కదా అని కీమో మానొద్దు

కలోంజీ మన ఇళ్లల్లో ఒట్టి మసాలా దినుసు కాదు, అఖీదత్ కూడా. మౌత్ తప్ప ప్రతి మర్జ్‌కూ అందులో షిఫా ఉందని తెలిపే హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. దాని మీద నాకూ యఖీన్ ఉంది. నా పరేషానీ అంతా వేరే. "కలోంజీతో క్యాన్సర్ పోతుందని సైన్సే ఒప్పుకుంది" అనే వాట్సాప్ వీడియోలను నమ్మి, మరీజ్‌కు కీమో మధ్యలోనే మాన్పించేస్తున్నారు కొందరు.

సైన్స్ ఒప్పుకున్నది ఎంతవరకో చూద్దాం. ల్యాబ్‌లో ఎలుకలకు డైఇథైల్ నైట్రోసమైన్ అనే జహర్ ఇచ్చి లివర్ క్యాన్సర్ తెప్పిస్తారు. కలోంజీ సారం గానీ, అందులోని థైమోక్వినోన్ గానీ ఇచ్చిన ఎలుకల్లో గ్లూటాథయోన్ లాంటి యాంటీఆక్సిడెంట్లు పడిపోకుండా నిలిచాయి, కణాలకు నష్టం తగ్గింది. ఇది సచ్. కానీ ఇలాంటి ప్రయోగాలు చాలావాటిలో కలోంజీ ఇచ్చింది జహర్‌కు ముందో, దాంతోపాటో. అంటే అక్కడ పరీక్షించింది హిఫాజత్‌ను. గడ్డ ముదిరిన మనిషికి ఇలాజ్‌ను కాదు.

యాంటీఆక్సిడెంట్ అయితే చాలు, ఫాయిదాయే అనుకోవడమూ గలత్. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది మగవాళ్ల మీద చేసిన పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. బీటా కెరోటిన్ మాత్రలు వాడినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువగా కనిపించింది. పైగా రేడియేషన్, కొన్ని కీమో మందులు క్యాన్సర్ కణాన్ని చంపడంలో ఫ్రీ రాడికల్స్‌దే పెద్ద పాత్ర. వాటిని అణిచే మందు పక్కనుంచి ఎక్కువ మోతాదులో తీసుకుంటే, కాపాడేది మరీజ్‌నో, మర్జ్‌నో!

మొక్కల్లో షిఫా లేదనడం లేదు. మన ఖబ్రస్తాన్‌లలో పూసే బిళ్లగన్నేరు నుంచే విన్‌క్రిస్టిన్ వచ్చింది. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కు నేటికీ అది వాడతారు. అయితే ఆకు నమిలితే ఆ షిఫా రాదు. ఆ ఒక్క పదార్థాన్ని వేరు చేసి, మోతాదు తేల్చి, మనుషుల్లో పరీక్షించాకే అది దవా అయింది.

ఆ హదీసులో "ప్రతి మర్జ్" అన్నది ఆమ్ మాటే అయినా దాని మురాద్ ఖాస్ అని ఇమామ్ ఖత్తాబీ ఏనాడో వివరించారు. ఇలాజ్ చేయించుకోమన్న హదీసులు కూడా మనకున్నాయి కదా! ఒంటెను కట్టేశాకే తవక్కుల్.

రొట్టె మీద కలోంజీ చల్లుకోండి, దువా చేయండి. నూనెగానో, క్యాప్సూల్‌గానో తీసుకుంటుంటే మాత్రం డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. కీమో తారీఖు తప్పించొద్దు. జాన్ మన సొంతం కాదు, అల్లాహ్ ఇచ్చిన అమానత్.