తోక వెంట తిరిగే కుక్కని చూసి నవ్వే మిత్రులకి

పోయిన దసరాకి మా కుక్కని తీసుకుని హైదరాబాదు నుంచి మా ఊరు లింగాల ఘనపూర్ వెళ్ళాను. జర్మన్ షెపర్డ్, రెండేళ్ళది. కారు దిగీ దిగగానే వాకిట్లో తోక వెంట గిరగిరా తిరగడం మొదలెట్టింది. నేను అలవాటుగా ఫోను తీశాను. అరుగు మీద కూర్చున్న మా అవ్వ మాత్రం నవ్వలేదు. "ఏంది బిడ్డా, దీనికి పానం బాగలేదా?" అంది.

రెండేళ్ళలో నాకు ఒక్కసారి కూడా తట్టని ప్రశ్న అది! మా టీములో ఆ వీడియోలు చూసి నవ్వని మనిషి లేడు.

సరే, అసలు విషయానికొస్తాను. కుక్క ఎప్పుడో ఒకసారి ఆటగా తోక పట్టుకుంటే ఏమీ కాదు, పిలిస్తే ఆగిపోతుంది. కానీ రోజూ అదే పని, తిండి ముందు పెట్టినా ఆగదు, కాలు పుండు పడేదాకా నాకుతుంది, గోడ మీద నీడల్ని వేటాడుతుంది అంటే అది ఆట కాదు. పశువైద్యులు దాన్ని కంపల్సివ్ డిజార్డర్ అంటారు. మన భాషలో బ్రేక్ లేని వైల్ లూప్. సర్వర్ అలా ఇరుక్కుపోతే అర్ధరాత్రి లేచి లాగ్స్ చూసే మనం, కుక్క ఇరుక్కుపోతే చప్పట్లు కొడుతున్నాం.

ఇది నా ఒక్కడి బుద్ధి కాదు లెండి. రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకురాలు షార్లెట్ బర్న్ 2011లో ఇలాంటి తోక వీడియోల మీదే ఒక అధ్యయనం ప్రచురించారు. సగానికి పైగా వీడియోల్లో జనం నవ్వులు వినిపించాయి. దాదాపు మూడో వంతు కుక్కల్లో జబ్బు లక్షణాలు కనిపించాయి.

"అది జాతి లక్షణం బాస్, మనమేం చేస్తాం" అంటారా? కొంత నిజమే. డాబర్‌మన్లు తమ డొక్కని తామే చప్పరించే అలవాటుకీ, సీడీహెచ్2 అనే జన్యువుకీ సంబంధం ఉందని 2010లో తేల్చారు. తోక జబ్బు బుల్ టెర్రియర్లలో, జర్మన్ షెపర్డ్‌లలో ఎక్కువ. అయితే 2012లో ఫిన్లాండ్ వాళ్ళు ఇంకో మాట కూడా చెప్పారు: తోక వెంట తిరిగే కుక్కలు తల్లి నుంచి కాస్త ముందుగా వేరైనవి. మన దేశంలో 2017 నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. నేను కొన్నది ముప్పై అయిదు రోజుల పిల్లని. అమ్మినవాడిది తప్పే, మరి కొన్నవాడిది? ఫోను కొనడానికి పది రివ్యూలు చదివే నేను, ఒక ప్రాణిని కొనేముందు దాని వయసు కూడా పట్టించుకోలేదు.

"రోజూ వాకింగుకి తిప్పితే చాలు" అనేవాళ్ళకి కూడా ఒక మాట. అదే ఫిన్లాండ్ అధ్యయనంలో ఈ జబ్బుకీ వ్యాయామానికీ సంబంధం కనబడలేదు. అలాగని పది గంటలు బాల్కనీలో కట్టేసి ఆఫీసుకి పోవచ్చని కాదు. కట్టేసి ఉంచే కుక్కకి వ్యాయామం లేకుండా చేయడం క్రూరత్వమేనని 1960 నాటి చట్టం, సెక్షన్ 11, చెబుతోంది. నేను చేసిన ఇంకో ఘనకార్యం లేజర్ పాయింటర్. ఎన్నడూ నోటికి చిక్కని చుక్క వెంట పరిగెత్తించాను. ఇప్పుడది గోడ మీద ఏ వెలుగు కదిలినా వదలదు.

మా ఊరి కుక్కలు స్వర్గంలో ఉన్నాయని నేననట్లేదు. చాలా వాటికి టీకాల్లేవు, లారీల కింద పడతాయి. కానీ అవి రోజంతా వీధులు తిరుగుతాయి, వాసన పడతాయి, తోటి కుక్కలతో కొట్లాడతాయి. మనం ఫ్లాటులో తెచ్చిపెట్టుకున్న దానికి ఇవేవీ ఇవ్వం. పైగా అది పిచ్చిగా తిరిగితే "సో క్యూట్" అంటాం.

వీడియో తీయండి, కాదనను. కానీ దాన్ని ఫ్రెండ్స్‌కి కాదు, డాక్టరుకి చూపించండి. చర్మ రోగమా, నొప్పా, ఫిట్సా అన్నది ముందు ఆయన తేల్చాలి. కంపల్సివ్ అని తేలితే ఫ్లూయోక్సెటిన్, క్లోమిప్రమిన్ లాంటి మందులున్నాయి. అవి పనిచేయడానికి వారాలు పడుతుంది. సొంతంగా మాత్రలు వేయొద్దు. తిట్టొద్దు, కొట్టొద్దు, ఆందోళన ఇంకా పెరుగుతుంది. తిండి దాచిపెట్టి వెతికించండి, రోజుకో టైము పెట్టుకుని దానితో గడపండి.

మాది ఇప్పుడు మందుల మీదుంది. తగ్గింది, పూర్తిగా పోలేదు. బహుశా పోదేమో కూడా. అవ్వ ఫోన్ చేసినప్పుడల్లా ముందు దాని గురించే అడుగుతుంది. నన్ను అడిగేది ఆ తర్వాతే.