పని పరిమాణాన్ని నిర్ణయించేదెవరు?

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రం, స్నోబర్డ్‌లో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు సమావేశమై ఒక ప్రకటన వెలువరించారు. నేడు హైదరాబాదు, బెంగుళూరు కంపెనీలలో మన సభ్యుల పిల్లలెందరో పనిచేస్తున్న "ఎజైల్" పద్ధతికి ఆ పేరు స్థిరపడినది అక్కడే. ఇది మన కార్యాలయాల గడపలు కూడా త్రొక్కవచ్చును గనుక దీని లోగుట్టు తెలిసికొనుట అవసరం.

ఈ పద్ధతులలో బహుళ ప్రచారం పొందినది స్క్రమ్. పదిమందికి మించని జట్టు. నెలకు మించని గడువు. ప్రతిదినం 15 నిమిషాల సమావేశం. చేయవలసిన పని ఎల్లరికీ కనబడేలా ఉంచుతారు. ఆర్.ఎం.ఎస్. సెట్టులో, ట్రాక్ గ్యాంగులో జీవితం గడిపిన వారికి ఇందులో వింత ఏమున్నది?

అయితే ఒక్క నియమం మాత్రం మన దృష్టికి రావలసినది. గడువులో ఎంత పని చేపట్టవలెనన్నది పూర్తిగా పనిచేసే జట్టు నిర్ణయమేనని స్క్రమ్ మార్గదర్శిక 2017 ప్రతి స్పష్టంగా పేర్కొన్నది. అలుపెరుగక నిరంతరం కొనసాగించగల వేగమే సరియైన వేగమని 2001 నాటి సూత్రాలు చెప్పుచున్నవి. దినసరి సమావేశం జట్టు తన పనిని తాను సరిదిద్దుకొనుటకే గాని, పైవారికి సంజాయిషీ చెప్పుకొనుటకు కాదు.

యాజమాన్యాలు పలుచోట్ల సమావేశాన్ని ఉంచుకొని ఈ నియమాన్ని వదలివేసినవి. జట్టు తన అంచనా కోసం వేసుకొనే పాయింట్లను తీసికొని జట్టుతో జట్టును పోల్చుతున్నారు. ఒక జట్టు పాయింటు మరొక జట్టు పాయింటుతో సమానం కాదు గనుక ఆ పోలికకు అర్థమే లేదు. స్టాప్‌వాచ్ పోయి బోర్డు వచ్చిందన్నమాట!

మన పనికి ఒక భేదమున్నది. రైలు దింపిన మెయిలు సంచులను రేపు రమ్మనలేము. పాయింట్స్‌మన్ ఈ వారం ఇన్ని బండ్లే చాలుననలేడు. పని పరిమాణం మన చేతిలో లేనిచోట మనుషుల సంఖ్యపైనే మాట చెల్లవలెను. ఖాళీలు భర్తీ చేయకుండా బోర్డు మాత్రం తగిలించినచో అది పనిభారం పెంచుటకు మరో పేరే అగును. కనుక ఇట్టి పద్ధతి ఏది ప్రవేశపెట్టినా, సిబ్బంది సంఖ్యపై ముందుగా పి.ఎన్.ఎం., జె.సి.ఎం. వేదికలలో చర్చ జరగవలెనని మేము కోరుచున్నాము.

దినసరి సమావేశాలు ఎక్కడైనా ఆరంభమైనచో, అవి డ్యూటీ వేళలోనా, వెలుపలనా, లెక్కలు ఎవరికి చేరుచున్నవో బ్రాంచి కార్యదర్శులు కేంద్ర కార్యాలయానికి వ్రాయగలరు.