అన్ని మచ్చలకూ ఒకే ట్యూబా?

మీ ఇంట్లో అద్దం వెనకాలో, బీరువా అరలోనో, సగం వాడి కిందనుంచి చుట్టిపెట్టిన చర్మం మందు ట్యూబు ఒకటి వుండే వుంటుంది. దాన్ని ఎవరికోసం, ఎప్పుడు కొన్నారో ఎవరికీ గుర్తుండదు. పిల్లవాడు ఒళ్లు గోక్కుంటే అదే మందు. ఆడపిల్ల బుగ్గమీద మచ్చ కనబడితే అదే మందు. తాతగారి కాలు దురద పెడితే అదే. "రాసిన రెండో రోజుకే దురద పోతుందండీ" అంటూ పక్కింటివాళ్లకు కూడా ఇస్తుంటారు. అలా రెండో రోజుకే పోయే దురద గురించే ఈ వారం చెప్పబోతున్నాను.

సంక్రాంతి సెలవులు అయిన తరువాత ఒక తల్లి తొమ్మిదేళ్ల కొడుకును తీసుకువచ్చింది. కుర్రవాడు హాస్టల్లో వుండి చదువుకుంటున్నాడు. సెలవులకు ఇల్లు చేరినప్పటినుంచీ ఒకటే గోకుడు. పగలు ఆటల్లో పడితే కాస్త నయమేగాని, రాత్రి పక్క ఎక్కితే చాలు, వాడికీ నిద్ర లేదు, ఇంట్లోవాళ్లకీ లేదు. ఆమె చేతిసంచిలోంచి ఒక ట్యూబు తీసి బల్లమీద పెట్టింది. మందులషాపులో అడిగితే ఇచ్చారట. "రాస్తే తగ్గినట్టే తగ్గుతుంది డాక్టరుగారూ, మానేస్తే మళ్లీ మొదలు. రక్తం చెడిందంటున్నారు. వంకాయ, గోంగూర మాన్పించేశాను" అంది.

కుర్రవాడి వేళ్ల సందుల్లో సన్నని పొక్కులు, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ, పిరుదుల మీద గోళ్ల గీతలు. రెండు మూడు చోట్ల చీము కూడా పట్టింది. "ఇంట్లో ఇంకెవరికైనా దురద వుందామ్మా?" అని అడిగాను. లేదంది. లేదంటూనే తన ఎడమ మణికట్టు గోక్కుంది.

ఇది గజ్జి. రక్తం చెడిపోతే వచ్చేది కాదు, వంకాయ తింటే వచ్చేదీ కాదు. మిల్లీమీటరులో మూడో వంతు వుండే ఒక పురుగు చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుని, రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతూ కాపురం చేస్తుంది. చిత్రం ఏమిటంటే, అంత గోక్కునే మనిషి ఒంటిమీద మామూలుగా వుండే ఆడపురుగులు పది పదిహేనుకు మించవు. దురద పెట్టేది పురుగు కరిచినందుకు కాదు. ఆ పురుగూ, దాని గుడ్లూ, మలమూ శరీరానికి సరిపడకపోవడంవల్ల. ఆ సరిపడకపోవడం మొదటిసారి తయారవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అంటే మీ పిల్లవాడు గోక్కోవడం మొదలుపెట్టే నాటికే, పక్కన పడుకునే తమ్ముడికీ, అమ్మకీ పురుగును పంచిపెట్టి వుంటాడు. వాళ్లకింకా దురద రాలేదంటే గజ్జి లేదని అర్థం కాదు.

అందుకే గజ్జికి మందు ఒక్కరికి రాస్తే ప్రయోజనం లేదు. ఇంట్లో వున్న అందరూ, దురద వున్నా లేకపోయినా, ఒకే రాత్రి రాసుకోవాలి. ఇప్పుడు ఎక్కువగా వాడే మందు 5 శాతం పెర్మెత్రిన్ క్రీము. సాయంత్రం స్నానం చేసి, ఒళ్లు ఆరాక, మెడ దగ్గరనుంచి అరికాళ్ల దాకా రాయాలి. పొక్కులున్నచోట మాత్రమే రాస్తే చాలదు. వేళ్ల సందులు, గోళ్ల కింద, బొడ్డులో, మర్మావయవాల మీద, పిరుదుల మధ్య, ఎక్కడా వదలకూడదు. పెద్దవారికి ఒక్కొక్కరికి ఇంచుమించు 30 గ్రాముల ట్యూబు పడుతుంది, మరీ పొదుపు చేయకండి. రాత్రంతా, అంటే 8 నుంచి 12 గంటలు వుంచి పొద్దున్నే స్నానం చేయించండి. మధ్యలో చేతులు కడుక్కుంటే చేతులకు మళ్లీ రాయాలి. వారం పోయాక ఇదంతా ఇంకొకసారి. పసిపిల్లలకు తలకూ ముఖానికీ కూడా గజ్జి పాకుతుంది కాబట్టి వారికి కంటికీ నోటికీ తగలకుండా అక్కడా రాయవలసి వుంటుంది. రెండు నెలలు నిండని బిడ్డకు, గర్భిణికి డాక్టరును అడగకుండా ఏ మందూ రాయవద్దు. గామా బెంజీన్ అనే పాతకాలపు గజ్జిమందు చిన్నపిల్లలకు ఒంట్లోకి ఇంకి ఫిట్సు తెప్పించగలదు. దాని జోలికి పోకండి.

కట్టి విడిచిన బట్టలు, తువ్వాళ్లు, దుప్పట్లు మందు రాసుకున్న మర్నాడే వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరవేయండి. ఉతకడానికి వీలుకాని బొంతలు, రగ్గులు ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి వారంరోజులు తీయకుండా వుంచితే చాలు. మనిషి ఒంటిని వదిలితే ఆ పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు. ఇల్లంతా మందు చల్లనక్కరలేదు.

ఇక ఆ తల్లి తెచ్చిన ట్యూబు సంగతి. దానిమీద చిన్న అక్షరాలలో మూడు మందుల పేర్లున్నాయి. ఒకటి తామరకు పనిచేసేది, ఒకటి చీముకు పనిచేసేది, మూడోది క్లోబెటసాల్. ఈ మూడోది స్టీరాయిడ్, అందులోనూ చాలా ఘాటైనది. దురదనూ, వాపునూ, ఎరుపునూ అణచివేస్తుంది. అందుకే రెండో రోజుకే హాయిగా వుంటుంది. పురుగును మాత్రం ఏమీ చేయదు. పైన దురద నిద్రపోతుంటే కింద గజ్జి పెరుగుతూ వుంటుంది.

స్టీరాయిడ్ పూతమందు విషమని నేననడంలేదు. 1952లో హైడ్రోకార్టిజోన్‌ను చర్మం మీద రాసి చూసి ఫలితాలు ప్రకటించినప్పటినుంచి ఎగ్జిమా వంటి జబ్బులకు అంత మేలు చేసిన మందు ఇంకొకటి రాలేదు. సరైన జబ్బుకు, సరైన ఘాటు, సరైన రోజులు వాడాలి, అంతే. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టీరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ వుంటేనే అమ్మాలని నిబంధన తెచ్చింది. షాపుకు వెళ్లి "దురద మందు ఇవ్వండి" అని అడిగి చూడండి, ఆ నిబంధన ఎంతవరకు అమలవుతున్నదో మీకే తెలుస్తుంది.

ఈ ట్యూబు అసలు నష్టం చేసేది తామరకు. తామర మచ్చ గుండ్రంగా వుంటుంది, అంచు ఎర్రగా పొలుసులతో ఎత్తుగా వుంటుంది, మధ్యలో మానినట్టు కనిపిస్తుంది. గజ్జల్లో, నడుము చుట్టూ, పిరుదుల మీద ఎక్కువ. ఇది పురుగువల్ల కాదు, శిలీంధ్రంవల్ల వస్తుంది. స్టీరాయిడ్ రాస్తే దురద తగ్గుతుంది, అంచు చెదిరిపోతుంది, శిలీంధ్రం మాత్రం నిశ్చింతగా పాకుతుంది. ఆరునెలలు అలా రాసి వచ్చిన పిల్లలకు అది తామరేనా అని పోల్చుకోవడం మాకే కష్టమవుతుంది. తొడలమీద చర్మం పల్చబడి చారలు పడతాయి. ఆ చారలు కాలం గడిస్తే కొంచెం వెలిసిపోతాయేగాని పూర్తిగా పోవు. పదిహేనేళ్ల కుర్రవాడు సిగ్గుతో ఎవరికీ చెప్పకుండా స్నేహితుడిచ్చిన ట్యూబు రాసుకుంటూ ఈ స్థితికి తెచ్చుకోవడం నేను తరచు చూస్తున్నాను. తండ్రులు కాస్త చనువుగా అడగాలి.

దీనికితోడు గత పది పన్నెండేళ్లుగా మన దేశంలో తామర మొండికేసింది. 2020లో జపాన్ పరిశోధకులు దీనికి కారణమయ్యే శిలీంధ్రానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని మన దేశం పేరు కలిపి మరీ పేరు పెట్టారు. పూర్వం రెండు వారాల్లో లొంగదీసిన టెర్బినాఫిన్‌కు ఇది చాలాసార్లు లొంగడంలేదు. కాబట్టి మచ్చ ఒకటి రెండు వుంటే క్లోట్రిమజోల్ వంటి, స్టీరాయిడ్ కలవని మందును మచ్చ అంచు దాటి రెండు వేళ్ల వెడల్పు మేర రాయండి. మచ్చ పోయాక కూడా రెండు వారాలు మానకండి. మచ్చలు చాలా వుంటే మాత్రలు కావాలి, అవి డాక్టరే రాయాలి. తడి జీన్సు, బిగుతు లోదుస్తులు మాన్పించండి. తువ్వాలు ఎవరిది వారికి వుండాలి. ఇంకొక మాట: మొలతాడు. చెమటకు తడిసి ఎప్పుడూ ఆరని ఆ దారం కింద తామర తిష్ఠ వేస్తుంది. జబ్బు తగ్గేదాకా దాన్ని తీసివేయండి, దేవుడేమీ అనుకోడు. తలలో జుట్టు విరిగి పొలుసులతో మచ్చ పడితే అది కూడా తామరే కావచ్చు. తలకు పూతమందు పనిచేయదు, కొన్ని వారాలపాటు మాత్రలే వేయాలి. నల్లజీడి పూయడం, కిరసనాయిలు రాయడం వంటివి చర్మాన్ని కాల్చేస్తాయి. జబ్బు అక్కడే వుంటుంది, పుండు అదనం.

బుగ్గమీద తెల్లమచ్చ కనబడగానే ఆడపిల్ల తల్లులు హడలిపోతారు. బొల్లేమోనని కొందరు, కడుపులో నులిపురుగులని కొందరు. సన్నని పొట్టుతో, అంచు స్పష్టంగా తెలియకుండా, పాలిపోయినట్టు వుండే ఈ మచ్చలు మూడేళ్ల నుంచి పదహారేళ్ల లోపు పిల్లల్లో చాలా మామూలు. కొబ్బరినూనె రాస్తూ, ఎండలో ఎక్కువ తిరగకుండా చూస్తే కొన్ని నెలల్లో వాటంతటవే పోతాయి. బొల్లిమచ్చ పాలలా తెల్లగా, గీత గీసినట్టు అంచుతో వుంటుంది. దానికిప్పుడు మంచి వైద్యం వుంది, త్వరగా చూపించాలి.

తెల్లమచ్చల్లో మరొకటి వుంది. దురద పెట్టదు, నొప్పి పెట్టదు, కాస్త పాలిపోయిగాని రాగిరంగులోగాని వుంటుంది, అందువల్లనే ఎవరూ పట్టించుకోరు. దూది కొనను సన్నగా పురిపెట్టండి. పిల్లవాడిని కళ్లు మూసుకోమని, దూది తగిలినచోట వేలు పెట్టమనండి. ముందు మంచి చర్మం మీద తాకించి ఆట నేర్పండి, తరువాత మచ్చమీద తాకించండి. మంచి చర్మం మీద చటుక్కున చూపించిన పిల్లవాడు మచ్చమీద తాకినప్పుడు ఊరుకుంటే, ఆలస్యం చేయకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లండి. ముఖం మీది మచ్చలకు ఈ పరీక్ష నమ్మదగినది కాదు, మరీ చిన్నపిల్లలకూ కుదరదు. అటువంటప్పుడు డాక్టరే చూడాలి. కుష్ఠు అన్నమాట వినడానికే భయపడే రోజులు పోయాయి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సతో ఆరు నెలల్లోనో, ఏడాదిలోనో పూర్తిగా నయమవుతుంది. మందులు ఉచితంగా ఇస్తారు. ఆలస్యమైతే చచ్చిన నరం మాత్రం తిరిగి రాదు.

మొటిమల గురించి ఇదివరకే చాలామంది ఉత్తరాలు రాశారు కాబట్టి ఒక్క సంగతే చెబుతాను. తెల్లబడడానికని అమ్మే కొన్ని క్రీములలో కూడా ఈ స్టీరాయిడే వుంటుంది. మొదటి నెల ముఖం నిగనిగలాడుతుంది. తరువాత ఎర్రబడి, మంటపెట్టి, నూగు మొలిచి, ఉన్న మొటిమలకు రెట్టింపు వస్తాయి. మానేస్తే ఇంకా మండుతుందని మళ్లీ రాస్తారు. ఈ సుడిలో పడిన ఆడపిల్లలు కాలేజీ మానేసి ఇంట్లో కూర్చోవడం చూశాను. మొటిమలకు సరైన మందు వాడినా గుణం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. తొందరపడి గిల్లితే గుంటలు పడతాయి.

మళ్లీ మన కుర్రవాడి దగ్గరకు వద్దాం. నన్ను ఎక్కువ కలవరపెట్టింది వాడి గజ్జి కాదు, దానిమీద పట్టిన చీము. గోకిన పుండ్లలోకి చీము క్రిములు చేరి తేనెరంగు పక్కులు కడతాయి. ఇందులో ఒకరకం క్రిములవల్ల, పుండు మానిపోతున్న సమయంలో, సుమారు మూడు వారాలకు మూత్రపిండాలు వాచవచ్చు. పొద్దున లేచేసరికి కళ్లచుట్టూ ఉబ్బు, మూత్రం తగ్గిపోవడం, అది కూడా కాఫీ డికాక్షను రంగులో రావడం. ఇది కనబడితే పత్యం పెట్టుకుంటూ ఇంట్లో కూర్చోకూడదు, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. రక్తపోటు పెరిగి ఫిట్సు రావచ్చు. సకాలంలో చూపిస్తే దాదాపు పిల్లలందరూ కోలుకుంటారు.

వాడికి చీము తగ్గడానికి మందిచ్చి, మూత్రం పరీక్ష చేయించి, ఇంట్లో ఆరుగురికీ గజ్జిమందు రాసిచ్చాను. పది రోజులకు ఆ తల్లి కోపంగా తిరిగివచ్చింది. "మందు పనిచేయలేదండీ, ఇంకా గోక్కుంటూనే వున్నాడు. రోజూ రాస్తున్నాను" అంది. చచ్చిన పురుగులు చర్మం పొరలో వున్నంతకాలం, అంటే రెండు నుంచి నాలుగు వారాలు, దురద వుంటుంది. దానికి రాత్రిపూట ఒక దురద మాత్ర, ఒంటికి కొబ్బరినూనె చాలు. రోజూ గజ్జిమందు రాస్తే ఆ మందుకే చర్మం మండుతుంది. చూస్తే కొత్త పొక్కులు లేవు, మూత్రం మామూలుగానే వుంది. హాస్టలు వార్డెనుగారికి చీటీ రాసిచ్చాను, ఆ గదిలో పిల్లలందరికీ ఒకే రాత్రి మందు రాయించమని. వంకాయ కూర కూడా పెట్టవచ్చునని చెప్పాను. కుర్రవాడు మొదటిసారి నవ్వాడు.