నాలుగు బాత్రూములు, అమ్మీకి మెట్ల కింద

గుత్తిలో తమ్ముడు ఇల్లు కడుతున్నాడు. మూడు సెంట్ల జాగా, వాకిట్లో నిలబడితే కోట కనబడుతుంది. ప్లాను కాగితం నా ముందు పరిచి "ఎట్లుంది ఆపా?" అన్నాడు. పైన రెండు బెడ్రూములు, రెండింటికీ అటాచ్డు. కింద నైరుతి గది వాడిదీ మరదలిదీ, దానికీ అటాచ్డు. మరి అమ్మీ ఎక్కడ్రా అంటే హాల్లో దివాన్ చూపించాడు. నాలుగో బాత్రూము మెహమాన్ల కోసమట, మెట్ల కింద, తలుపు బయటికి.

అమ్మీకి షుగరు. రాత్రి నాలుగుసార్లు లేస్తుంది. అంటే నాలుగుసార్లు వాకిలి గొళ్లెం తీసి, రెండు మెట్లు దిగి, చీకట్లో పోవాలి. వాడు చెడ్డవాడు కాదు, అమ్మీ మందులు ఒక్కరోజు తప్పనివ్వడు. కానీ ఈ ఆలోచన వాడికి రాలేదు.

సూరె నూర్ 58వ ఆయత్ మనందరికీ తెలుసు. ఫజర్‌కు ముందు, మధ్యాహ్నం బట్టలు సడలించుకునే వేళ, ఇషా తర్వాత, ఈ మూడు వేళల్లో ఇంట్లో పిల్లలు కూడా ఇజాజత్ అడిగి లోపలికి రావాలి. అడగడానికి తలుపు ఉండాలి కదా! హాల్లో పడుకున్న మనిషికి తలుపేది? పర్దా గురించి ఇంత మాట్లాడే మనం, డెబ్బై ఏళ్ల ఆడమనిషికి దుపట్టా తీసి నడుం వాల్చే చోటు లేకుండా చేస్తున్నాం. ఇది ఒక్క మా ఇంటి సంగతి కాదు, మీ బంధువుల కొత్త ఇళ్లు ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

బాత్రూము బయట ఎందుకంటే వాస్తు చెప్పిందట. వాస్తు మనకు లేదని జుమ్మా రోజు తఖరీర్ విని వచ్చి, శనివారం వాస్తు అడుగుతాం. సరే, ఖిబ్లా అడిగారా? గుత్తికి ఖిబ్లా పడమర, కాస్త ఉత్తరానికి వంగి. ప్లానులో మూడు కమోడ్లు తిన్నగా పడమరకే చూస్తున్నాయి. షాఫయీ ఆలిములు గోడల మధ్య సడలింపు ఇచ్చారు కానీ మన హనఫీ మస్‌లక్‌లో ఖిబ్లాకు ముఖమూ కూడదు, వీపూ కూడదు. ఇప్పుడు ఉత్తరం దక్షిణంగా తిప్పితే పైసా ఖర్చు లేదు. టైల్స్ వేశాక తిప్పాలంటే పగలగొట్టాలి.

ఇంక నీళ్లు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే జిల్లా మనది. కొండ మీద కోటలో బండ తొలిచి నీళ్లు దాచుకున్న ఊరు ఇది. రసూలుల్లాహ్ (స) ఒక ముద్ నీళ్లతో వుజూ చేసేవారని బుఖారీలోనూ ముస్లింలోనూ ఉంది. ముద్ అంటే చాలామంది లెక్కలో ముప్పావు లీటరు లోపే. మనం ఒక్క ఫ్లష్‌కు ఆరు లీటర్లు, పాత ట్యాంకైతే పది లీటర్లు వదులుతాం. అలాంటివి నాలుగు పెట్టి, ఎండాకాలం ట్యాంకర్ కోసం వీధిలో కొట్లాడతాం.

నేను అడిగేది ఇంతే. పైన ఒక అటాచ్డు కొట్టేయండి. ఆ డబ్బుతో కింద అమ్మీకి ఎనిమిది బై పది గది, దానికి తలుపు, పక్కనే బాత్రూము. నేలకు నున్నటి టైల్స్ వద్దు, గరుకు తాడిపత్రి బండలు వేయండి. బాత్రూము తలుపు బయటికి తెరుచుకోవాలి, లోపల పడిపోతే మనిషే తలుపుకు అడ్డం అవుతుంది. వుజూకు కూర్చునే ఎత్తులో ఒక గట్టు, ఒక కొళాయి.

"నాకెందుకే ఇవన్నీ, ఎన్నాళ్లుంటాను" అంటోంది అమ్మీ. తమ్ముడు దాన్నే ఇజాజత్ అనుకుంటున్నాడు. పునాదికి ముగ్గు పోశారు, తవ్వేది సోమవారం. నేను ఆదివారం పొద్దున బస్సుకే వస్తున్నా.