కుటుంబ సమస్యలు – సలహాలు: పుకారును నమ్మి పుస్తెలు అమ్ముకోవద్దు

తూప్రాన్ నుండి ఒక సహోదరి ఇలా వ్రాశారు:

"అన్నయ్యగారికి వందనములు. నా భర్త ఆరేళ్ళ క్రితము దుబాయి వెళ్ళారు. జీతము సరిగా ఇవ్వనందున కంపెనీ విడిచి ఖల్లివెల్లి అయ్యారు. 2024లో ఆమ్నెస్టీ ఇచ్చినప్పుడు, 'వేలిముద్రలు ఇస్తే జైల్లో వేస్తారు, మళ్ళీ గల్ఫ్‌లో కాలు పెట్టనియ్యరు' అని ఫోనులో వచ్చిన మాట నమ్మి వెళ్ళలేదు. మా మామగారు చనిపోతే కొడుకు రాలేకపోయారు. ఇప్పుడు ఒకతను, '40 వేలు ఇస్తే ఔట్‌పాస్ ఇప్పిస్తాను, కాన్సులేట్‌కు వెళ్తే పోలీసులకు పట్టిస్తారు' అంటున్నాడు. పుస్తెలు కుదువ పెట్టమంటారా? మా తమ్ముడు కూడ విజిట్ వీసా మీద పోతానంటున్నాడు."

చెల్లెమ్మా, పుస్తెలు కుదువ పెట్టవద్దు. ముందు విషయము తెలుసుకోండి.

యు.ఎ.ఇ. ప్రభుత్వము 2024 సెప్టెంబరు 1 నుండి రెండు నెలలకని ఆమ్నెస్టీ ఇచ్చి, తరువాత డిసెంబరు 31 వరకు పొడిగించింది. వీసా గడువు దాటినవారికి జరిమానా మాఫీ చేశారు. ఇంటికి వెళ్ళేవారి మీద నిషేధము పెట్టలేదు. పని దొరికినవారు అక్కడే కాగితాలు సరిచేసుకునే వీలు కూడ కల్పించారు. కొందరి దగ్గర వేలిముద్రలు తీసుకున్న మాట నిజమే. అది పంపించడానికే గాని పట్టుకోవడానికి కాదు. పుకారు ఇలాగే పుడుతుంది. ఒక నిజానికి ఒక అబద్ధము అతికిస్తారు.

ఇక కాన్సులేట్ మాట. అది పోలీసు స్టేషను కాదు, మన ప్రభుత్వపు ఆఫీసు. పాస్‌పోర్టు పోయినవారికి, భారతీయులని నిర్ధారించుకొని ఇంటికి చేరడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. మనవాళ్ళు ఔట్‌పాస్ అనేది దానినే. ఏ ఏజెంటూ దానిని ఇవ్వలేడు. దేశము విడిచే అనుమతి మాత్రము అక్కడి ప్రభుత్వము ఇవ్వాలి. చిక్కుల్లో పడిన నిరుపేదలకు టిక్కెట్టు వంటి సహాయము చేయడానికి 2009 నుండి ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉన్నది.

మీకు ఉత్త ధైర్యము చెప్పను. ఆ ఆమ్నెస్టీ ముగిసింది. గడువు దాటిన ప్రతి రోజుకు 50 దిర్హాముల జరిమానా ఉంటుంది. నిషేధము కూడ పడవచ్చు. అయితే దాగి ఉన్నకొద్దీ ఈ భారము పెరుగుతుందే గాని తగ్గదు.

కాగితాలు లేనివానికి హక్కులే లేవన్నది మరొక పుకారు. 1963 నాటి వియన్నా ఒప్పందము ప్రకారము, పరదేశములో అరెస్టయినవాడు తన కాన్సులేట్‌కు కబురు చేయమని అడగవచ్చు. అధికారులు ఆలస్యము లేకుండ తెలియజేయాలి. యజమాని పనివాని పాస్‌పోర్టు లాక్కొని ఉంచుకోకూడదని, పనిలో పెట్టుకునే ఖర్చు అతని మీద వేయకూడదని యు.ఎ.ఇ. 2021 నాటి కార్మిక చట్టము చెబుతున్నది. అర్థము కాని భాషలో ఉన్న కాగితము మీద, అందులో ఏమున్నదో తెలియకుండ సంతకము పెట్టవద్దని మీవారికి చెప్పండి.

మీ తమ్ముని సంగతి. విజిట్ వీసా చూడడానికే గాని పని చేయడానికి కాదు. 1983 నాటి వలసల చట్టము ప్రకారము విదేశీ ఉద్యోగానికి పంపే ఏజెంటుకు లైసెన్సు ఉండాలి. అతడు తీసుకోదగిన ఫీజు 30,000 రూపాయలు, దాని మీద జి.ఎస్.టి. మాత్రమే. రసీదు తప్పక అడగాలి. పదవ తరగతి పాస్ కానివారికి గల్ఫ్ ఉద్యోగానికి ఎమిగ్రేషన్ క్లియరెన్సు కావాలి. ఆ దారిలో వెళ్ళేవారికి 10 లక్షల ప్రమాద బీమా ఉంటుంది. అనుమానముంటే హైదరాబాదులోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రంట్స్ ఆఫీసులో అడగండి. బస్సు ఛార్జీకి మించి ఖర్చు కాదు.

ఈసారి మీవారి ఫోను వచ్చినప్పుడు ఈ సంగతులన్నీ నెమ్మదిగా చదివి వినిపించండి. స్వయముగా కాన్సులేట్‌కు వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పమనండి.

సంఘములోని పెద్దలకు కూడ ఒక మనవి. ఖల్లివెల్లి అయినవారిలో చాలామంది రాలేకపోవడానికి పోలీసుల భయము సగమైతే, వట్టి చేతులతో ఇంటికి రావలసిన సిగ్గు సగము. ఆ సహోదరుడు తూప్రాన్ బస్టాండులో దిగిన రోజున "ఏమి తెచ్చావు?" అని అడగకండి. "వచ్చావా నాయనా" అనండి.