సర్పగంధి చెప్పిన సంగతి

గణనాథ్ సేన్ కోల్‌కతాలో పేరుమోసిన ఆయుర్వేద వైద్యుడు. అల్లోపతీ చదివినవాడు. 1931లో ఆయన, డాక్టర్ కార్తీక్ చంద్ర బోస్ కలిసి ‘ఇండియన్ మెడికల్ వరల్డ్’ పత్రికలో ఒక వ్యాసం రాశారు. మతి చలించినవారికీ, రక్తపోటు పెరిగినవారికీ సర్పగంధి వేరు బాగా పనిచేస్తోందన్నది అందులోని సారాంశం. బిహార్ పల్లెల్లో జనం ఎప్పటినుంచో ‘పిచ్చిమందు’ అని పిలుచుకుంటున్న వేరే అది. ముదిమిలో మెదడు ఎందుకు క్షీణిస్తుందన్న ప్రశ్నకు దొరికిన తొలి గట్టి జవాబుల్లో ఒకదానికి దారి ఈ వేరు మీదుగానే సాగింది.

1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ శాస్త్రవేత్తలు సర్పగంధి నుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. మాత్రలు దేశదేశాలకూ పాకాయి. వాటితోపాటు ఒక చిక్కూ వచ్చింది. మందు వాడిన కొందరిలో నడక మందగించింది, ముఖంలో కళ తప్పింది, చేతులు వణికాయి. అచ్చం పార్కిన్సన్స్ లక్షణాలే. మందు ఆపితే తగ్గేవి. ఎందుకిలా అని ఆరా తీసినవారిలో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ ఒకరు. రిసర్పిన్ ఇచ్చిన కుందేళ్లు చెవులు వాల్చేసి, ఉలుకూ పలుకూ లేకుండా కూలబడ్డాయి. ‘డోపా’ అనే అమైనో ఆమ్లాన్ని సూదిమందుగా ఇవ్వగానే కొద్దిసేపట్లోనే లేచి తిరగసాగాయి. సర్పగంధి మెదడులోని డోపమిన్ అనే రసాయనం నిల్వలను ఖాళీ చేస్తోందని, డోపా వాటిని మళ్లీ నింపుతోందని తేలింది. అంతవరకూ డోపమిన్‌ను మరో రసాయనం తయారీలో మధ్య మజిలీగానే చూసేవారు. 1957 నాటి ఈ పరిశోధనల బాటలోనే కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ దక్కింది.

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ వణుకుడు రోగాన్ని వర్ణించింది 1817లో. లోపం ఏ రసాయనంలో ఉందో తెలియడానికి మరో 143 ఏళ్లు పట్టింది. 1960లో వియన్నాలో హార్నికీవిచ్, ఎరింగర్ చనిపోయిన రోగుల మెదళ్లను పరీక్షించి, కదలికలను నడిపించే భాగాల్లో డోపమిన్ బాగా తగ్గిపోయిందని చూపారు. మెదడు నడిమి భాగంలో నల్లని చార ఒకటి ఉంటుంది. కదలికలకు కావలసిన డోపమిన్ ప్రధానంగా తయారయ్యేది అక్కడి కణాల్లోనే. పార్కిన్సన్స్‌తో పోయినవారి మెదడును కోసి చూస్తే ఆ నలుపు వెలిసిపోయి కనిపిస్తుంది.

ఆ లోటును పూడ్చే మందులో మన వాటా కూడా ఉంది. ఒంటికి తగిలితే గోకి గోకి చచ్చే దూలగొండి కాయ తెలియని పల్లె ఉండదు. దాని గింజల్లో డోపాకే ఒక రూపమైన ఎల్-డోపా ఉందని 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి కనుగొన్నారు. అది దేనికి పనికొస్తుందో అప్పటికి ఎవరూ ఎరుగరు. మూడు దశాబ్దాల తరువాత, 1967లో అమెరికాలో జార్జ్ కాట్జియాస్ పెద్ద మోతాదుల్లో డోపా ఇచ్చి, మంచం పట్టినవారిని లేపి నడిపించాడు. ఈనాటికీ పార్కిన్సన్స్‌కు ప్రధాన ఔషధం ఎల్-డోపాయే.

ఇంతకీ ఆ నల్ల కణాలు ఎందుకు చస్తున్నాయి? సగం కథే తెలిసింది. ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రొటీన్ మడత తప్పి, ముద్దకట్టి, కణాల్లో పేరుకుపోతుంది. ఫ్రెడరిక్ లూయీ 1912లో సూక్ష్మదర్శినిలో చూసిన ఉండలు ప్రధానంగా ఈ ప్రొటీన్‌వేనని 1997లో బయటపడింది. అల్జీమర్స్‌లో పేరుకునేవి అమిలాయిడ్, టావ్ అనే వేరే ప్రొటీన్లు. పేరు ఏదైనా తీరు ఒకటే. వయసులో ఉన్నప్పుడు కణం తన చెత్తను తానే ఎత్తిపోసుకుంటుంది. వయసు పైబడేకొద్దీ చెత్తబండి రాని వీధిలా తయారవుతుంది. దీనికితోడు కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలు అలసిపోతాయి. కొందరికి జన్యువులు కారణమైతే, కొన్ని పురుగుమందులకూ పార్కిన్సన్స్‌కూ సంబంధం ఉన్నట్టు అధ్యయనాలు చెబుతున్నాయి. పొలంలో మందు కొట్టే మన రైతులు గుర్తుంచుకోవలసిన మాట ఇది.

అసలు కష్టం, ఈ జబ్బు చప్పుడు లేకుండా రావడం. చెయ్యి వణికే నాటికే ఆ కణాల్లో సగమో అంతకు మించో పోయి ఉంటాయి. వాసన తెలియకపోవడం, తీరని మలబద్ధకం, నిద్రలో కలలు వచ్చి కాళ్లూ చేతులూ విసరడం వంటివి కొందరిలో ఏళ్ల ముందే కనిపిస్తాయి. పింఛను తీసుకునే పెద్దాయన సంతకం నానాటికీ చిన్నదైపోతుంది. బ్యాంకువారు కలవడం లేదంటారు. ఇంట్లోవారు పెద్దతనం అంటారు.

కోల్‌కతాలోని బంగూర్ న్యూరోసైన్సెస్ సంస్థకు చెందిన శ్యామల్ కుమార్ దాస్ బృందం ఆ నగరంలో లక్షమందికి పైగా జనాన్ని సర్వే చేసింది. 2010లో అచ్చయిన ఆ లెక్కల్లో, వయసుల తేడాను సర్దుబాటు చేశాక, లక్షకు దాదాపు 53 మంది పార్కిన్సన్స్ రోగులు తేలారు. విడిగా చూస్తే చిన్న సంఖ్యే. ఆయుర్దాయం పెరుగుతున్న దేశంలో అది అలా ఉండిపోదు.

పార్కిన్సన్స్‌లో మడత తప్పిన ప్రొటీన్‌ను సరిచేసే మందు ఇంకా చేతికి రాలేదు. కణాల చావును ఆపే మందూ లేదు. అందాకా ఇంట్లోవారి చూపే మొదటి పరీక్ష. నడకలో ఒక చెయ్యి ఊగడం మానేసినా, అక్షరం కుంచించుకుపోయినా, మాట సన్నగిల్లినా ‘వయసు మీదపడింది’ అని సరిపెట్టుకోవద్దు. న్యూరాలజిస్టుకు చూపించాలి. ఆయనకు మీరు చూసినవన్నీ పూసగుచ్చినట్టు చెప్పాలి, వాడుతున్న మందుల చీటీలు తీసుకెళ్లాలి. ఎందుకంటే సర్పగంధిలాగే ఈనాటి కొన్ని మందులు కూడా వణుకు తెప్పిస్తాయి. అలాంటి వణుకు మందు మార్చితే చాలావరకు తగ్గుతుంది. దూలగొండి పొడిని సొంత వైద్యంగా మింగడం మాత్రం ప్రమాదం. ఎల్-డోపా మాత్రలు వాడేవారికి అది మోతాదు మీద మోతాదవుతుంది. సకాలంలో మొదలైన చికిత్స జబ్బును మాన్పదు. కానీ మనిషి తన చొక్కా బొత్తాలు తానే పెట్టుకునే కాలాన్ని ఏళ్ల తరబడి పొడిగిస్తుంది.